ఎర్రమట్టి పట్టించిన కందులు

వీడియో తీయడానికి చందాలు వసూలు చేసిన రోజుల గురించి ఎవరైనా అడిగితే, అద్దె కెమెరా గురించీ, సరిగ్గా వేసే వేళకు కరెంటు పోయిన ఊళ్ల గురించీ చెప్పి నవ్విస్తుంటాను. కందుల సంగతి మాత్రం చెప్పను. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఎనభైల నడుమ మాట. పెళ్లయి కోస్తా నుంచి వికారాబాద్ వచ్చి అక్కడ బళ్లో టీచరుగా చేరాను. నలుగురైదుగురు టీచర్లం కలిసి ఒక క్యాసెట్టు తీద్దామనుకున్నాం. పెంట ఎరువు, ఇంట్లో దాచుకునే విత్తనం, జొన్నరొట్టెలో ఉండే బలం, ఇవన్నీ అందులో రావాలి. అన్నీ కొట్లో కొనకుండా సేద్యం ఎలా చేసుకోవాలో రైతులకు నేర్పాలని మా ఉబలాటం. నేర్పడానికి మీకేం వచ్చని మమ్మల్నెవరూ అడగలేదు.

ఊళ్లో షాపుల వాళ్లను చందా అడిగితే "ఏ సినిమా ఏస్తరు?" అనేవాళ్లు. అప్పట్లో వీడియో అంటే అద్దె టీవీ తెచ్చి తెల్లార్లూ సినిమాలు వేయడమే. సినిమా కాదనగానే జేబులో చెయ్యి జేబులోనే ఉండిపోయేది. అందుకని ధారూర్ దిక్కు పల్లెలు పట్టుకుని తిరిగాం. రైతులు డబ్బులివ్వలేకపోయినా గింజలిస్తారు, వాటిని తాండూరులో అమ్ముకోవచ్చునని ఆలోచన.

ఒక ఊళ్లో గొర్రెలు కాసుకునే ఇంటి పెద్దామె నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నది. "మీ పంటలూ మీ పద్ధతులూ వీడియోలో అందరికీ చూపిస్తాం" అన్నాను. ఆమె లోపలికెళ్లి ఒక కుండ తెచ్చి నా సంచిలో వంపింది. కందులు. ప్రతి గింజకూ ఎర్రమట్టి అంటుకుని ఉంది.

"గిది ఇత్తనం బిడ్డా, పైలం" అన్నది.

నాకది "ఇత్తున్నం" అని వినిపించింది, అంటే ఇస్తున్నామని. 'ఇస్తా'ను 'ఇత్త' అనేవాళ్లను అప్పటికే విని ఉన్నాను. పైలమంటే, జాగ్రత్తగా వెళ్లమంటోందనుకున్నాను. ఇక్కడి యాస పట్టేశానని నాకు మహా గర్వం. "ఇచ్చినందుకు సంతోషం అవ్వా" అన్నాను.

"మిరుగం లోపట తేవాలె మల్ల" అన్నది. మిరుగమంటే మృగశిర కార్తె అని తెలుసు. వీడియో అప్పటికల్లా తెమ్మంటోందనుకుని, తప్పకుండా తెస్తామని మాటిచ్చాను.

ఇంటికొచ్చి చూసుకుంటే నాకు ఒళ్లు మండింది. ధర్మానికిచ్చే గింజల్లో కూడా మట్టి కలుపుతారా? "పోనియ్యి మేడం, గరీబుది" అని తోటి టీచరు సర్దిచెప్పబోయింది. నేను వింటేనా. వాకిట్లో కూర్చుని గుడ్డతో రుద్ది, చేటలో చెరిగి, మట్టి ఆనవాలు లేకుండా చేశాను. చెరుగుతున్నంతసేపూ ఆమెను తిట్టుకుంటూనే ఉన్నాను.

తాండూరులో పప్పు మిల్లాయన గుప్పెడు తీసి అరచేతిలో ఆడించాడు. "మస్తున్నది గింజ. పప్పుకేనా?" అన్నాడు. కాసేపాగి మళ్లీ అదే మాట అడిగాడు.

"పప్పుకు కాక మరి దేనికండీ?" అన్నాను నేను, విసురుగా.

తొలి వాన పడిన మర్నాడు ఆ పెద్దామె రైలెక్కి వికారాబాద్ వచ్చి బడి వెతుక్కుంది. "వాన పడ్డది బిడ్డా. ఇత్తనం ఇయ్యి, రేపు జొన్న సాళ్ల నడుమ ఏసుకోవాలె" అన్నది.

ఆ మాట అప్పుడు సరిగ్గా వినపడింది. విత్తనం. వీడియోలో చూపించి తిరిగి తెమ్మని ఇచ్చిందన్నమాట. మట్టి ఎందుకని అడిగాను.

"పురుగు పట్టొద్దని పట్టిస్తం. మా అత్త నేర్పింది. ఇత్తనం గూడ ఆమె ఇచ్చిందే."

అమ్మేశామని చెప్పాను. "పప్పుకా?" అన్నది. తలూపాను. ఆమె వరండా మెట్టు మీద కూర్చుండిపోయింది. తిడితే బాగుండునని ఎంత కోరుకున్నానో. బజార్లో మంచి విత్తనం కొనిస్తానన్నాను. "కొన్నది మా చెల్కల రాదు బిడ్డా" అన్నది, నాకు తెలియదు కదా పాపం అన్నట్టు. చెల్క అంటే వాళ్ల ఎర్రనేల.

లేచి వెళ్లబోతూ ఆగింది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. "మరి మీ వీడియోల ఏం చూపిస్తరు?"

వీడియో తీశాం. విత్తనం దాచుకునే భాగానికి బజారు కందులు కొని, ఆమె చెప్పినట్టే ఎర్రమట్టి నేనే పట్టించాను. టీవీలో కనిపించే ఆ చేతులు నావే. చాలా ఊళ్లలో ఆ క్యాసెట్టు వేశాం, జనం మెచ్చుకున్నారు. ఆమె ఊళ్లో కూడా వేద్దామని ఎవరన్నా అన్నప్పుడల్లా నేను ఏదో ఒక వంక చెప్పి తప్పించాను.