పర్దా ఉన్న జీపు

నా చిన్నప్పుడు మా ఇంట్ల జీపు కొనేటందుకు ఎంత లొల్లి అయ్యిందో, ఇప్పుడు కొత్త జీపు కోసం మా మనుమడు చేస్తున్న లొల్లి అంతకు ఏం తక్కువ గాదు. ఎండలు మొదలైన కాన్నుంచి ఇంట్ల ఇదే ముచ్చట. పొద్దున చాయ్ కాడ పెట్రోలా డీజిలా, రాత్రి అన్నం కాడ మూడు డోర్లదా ఐదు డోర్లదా. మనుమడు టాప్ మోడల్ అంటడు, వాళ్ల నాయన నడిమి మోడల్ చాలంటడు. గుట్టలెక్కాలె, బురదల దిగాలె, నాలుగు చక్రాలు తిరగాలె అని ఒకడు. నువ్వు పోయేది ఆఫీసుకు, తొవ్వల ఏ గుట్ట ఉన్నది రా అని ఇంకొకడు. నడుమ నన్ను షోరూముల పొంటి తిప్పుతున్నరు. ఆ ఏసీల కూసుండి కూసుండి నా మోకాళ్లు పట్టేసినయి. నానమ్మా నువ్వు చెప్పు అంటరు, నేను నోరు తెరిచేలోపటనే మళ్ల ఇద్దరు అందుకుంటరు. ఇగ నాకు ఓపిక లేదు. చెప్పేదేదో ఒక్కసారి రాసి పెడ్త, చదివితే చదువుతరు, లేకుంటే లేదు.

మాది సాతంరాయి కాడ పెద్దరోడ్డు దిగి, మట్టిబాట పట్టి లోపటికి పోతే వచ్చే ఊరు. ఊరికి, రోడ్డుకు నడుమ ఒక వాగు. ఎండకాలం దాంట్ల మేకలు పండుకుంటుండె, వానకాలం ఎడ్లబండ్లు దిగబడుతుండె. ఇప్పుడు ఆ బాటా లేదు, ఆ వాగూ లేదు, రెండూ ఎయిర్‌పోర్టు గోడ లోపటికి పోయినయి. నేను డాబా మీద బట్టలు ఆరేస్తుంటే నెత్తి మీదికెల్లి విమానాలు పోతుంటయి. మా మెట్ట చెల్క ఏడుండెనో పిల్లలకు చెయ్యి పెట్టి చూపిద్దామన్నా నాకే తెలుస్తలేదు.

మా తాతకు ముగ్గురు కొడుకులు. పెద్దోడు మా పెద్దబాపు, నడిమోడు మా బాపు, చిన్నోడు మా కాక. అందరం ఒక్క ఇంట్లనే ఉంటుంటిమి. పెద్దబాపు భార్య మా పెద్దమ్మ. మా అమ్మ పొద్దుందాక పొలంలనే ఉంటుండె, అందుకని నాకు తల దువ్వింది, జ్వరమొస్తే పక్కల పండుకున్నది పెద్దమ్మనే. జీపు కొన్న యేటికి ముందటి వానకాలం ఆమెకు నొప్పులు వస్తే ఎడ్లబండిల శంషాబాద్ దవాఖానకు తీసుకపోయిన్రు. వాగు కాడ బండి దిగబడ్డది. దవాఖాన చేరేసరికి పొద్దుపోయింది, పిల్లగాడు దక్కలే. మళ్ల యేడు తిరిగేసరికి ఆమెకు నెలలు నిండుతుండె, మళ్ల వానకాలం దగ్గరికొస్తుండె. వానలు పడకముందే ఒక జీపు కొనాలె అన్నడు మా తాత.

అనుడే ఆలస్యం, లొల్లి మొదలైంది. మా బాపు డీజిల్ అన్నడు. బావికాడ నీళ్లు తోడే ఇంజను డీజిల్‌దే, దాని రోగం మనకు ఎరుక, పాడైతే మనమే విప్పుకుంటం అని. కాక పెట్రోల్ అన్నడు. డీజిల్ బండి ఎక్కితే ఒళ్లు హూనమైతది, చప్పుడుకు చెవులు పోతయి, పెట్రోల్ జీపు పోతుంటే పక్కనున్నోనికి కూడ తెల్వది అని. నాలుగు చక్రాలు తిరిగే గేరు ఉండాలె అన్న కాడ మాత్రం ఇద్దరు కలిసిన్రు, టాపు ఇనుపదా గుడ్డదా అన్న కాడ మళ్ల విడిపోయిన్రు. తినేటప్పుడు అదే, పండుకునేటప్పుడు అదే. పెద్దబాపు మాత్రం నోరు తెరువలే. నిరుటి నుంచి ఆయనకు మాటే తక్కువైంది. ఏమడిగినా మీ ఇష్టం అంటుండె.

ఆ దినాలల్ల కోడలు మామ ముందటికి రాకపోతుండె, మామతోని సీదా మాట్లాడకపోతుండె. ఏమన్న చెప్పాలంటే నడుమ పిల్లలు ఉండాలె. మా ఇంట్ల ఆ పని నాది. ఒకనాడు పొద్దుగాల తాత అరుగు మీద కూసుండి, చుట్ట ముట్టించుకొని నన్ను పిలిచిండు. మీ పెద్దమ్మను అడిగి రా బిడ్డా, బండి ఎట్లుండాలెనో, అన్నడు. పెద్దమ్మ తలుపు ఎనకనే ఉన్నది, తాత మాట ఆమెకు ఇనబడ్డది. అయినా నేను పోయి అడిగిన. ఆమె కొంగు అంచు వేలికి చుట్టుకున్నది.

"పండుకుంటే నా కాళ్లు బయటికి రావొద్దని చెప్పు" అన్నది.

నేను పోయి తాతకు చెప్పిన. అది కూడ ఆయనకు ఇనబడే ఉంటది. చుట్ట చేతిలనే ఆరిపోయింది, మళ్ల ముట్టించుకోలే. నిరుడు ఎడ్లబండిల ఆమె కాళ్లు మోకాళ్ల దాక బయటనే ఉండెనట. వానకు చీర తడిసి అతుక్కపోయిందట. సాతంరాయి కాడ చాయ్ హోటల్ల కూసున్న మొగోళ్లు లేచి నిలబడి మరీ చూసిన్రట. ఇదంతా చాన ఏండ్లకు మా అమ్మ చెప్పింది. పోయిన పిల్లగాని గురించి పెద్దమ్మ ఎవ్వరితోని మాట్లాడంగ నేను ఇనలే. కాళ్ల గురించి మాట్లాడింది. చిన్నదాన్ని, నాకేం తెలుసు. పిల్లగాడు పోతే కాళ్ల గురించి పరేషాన్ అయితదేంది అనుకున్న. ఆమెకు అంతకన్న పెద్ద మాట నోట్లెకెల్లి రాలేదని ఇప్పుడు తెలుస్తున్నది.

తెల్లారి తాత ముగ్గురు కొడుకులను, నన్ను ఎంబడి పెట్టుకొని బస్సెక్కిండు. ఇదెందుకు అని కాక నన్ను చూపిస్తే, అది వాళ్ల పెద్దమ్మ తరఫున వస్తున్నది అన్నడు. ఆయన చంకల ఒక బొంత కూడ ఉన్నది. బొంత ఎందుకని అడిగే ధైర్యం ఎవ్వరికీ లేకుండె. గగన్‌పహాడ్ కాడ రోడ్డు పక్కన ఒక చాచా ఉంటుండె, గోరింటాకు పెట్టిన ఎర్రటి గడ్డం. లీలాంల పాట పాడి పాత జీపులు కొని, బాగుచేసి అమ్ముతుండె. వాళ్ల ఇల్లు శంషాబాద్‌లనే, తాతకు ఆయన ముందునుంచి ఎరుక.

చాచా దగ్గర ఆనాడు మూడు జీపులు ఉన్నయి. ఒకటి పెట్రోల్‌ది, కొత్తగ ఆకుపచ్చ రంగు ఏసి, సీట్లకు కొత్త రెగ్జిన్ కుట్టిచ్చిండు. కాక దాని చుట్టే తిరుగుతున్నడు. రెండోది డీజిల్ ఇంజను పెట్టిచ్చింది, పొట్టిది, ఇనుప టాపు. బాపు బానెట్ లేపి తల లోపట పెట్టిండు, పిలిచినా పలుకుతలేడు. మూడోది మూలకున్నది. అదీ డీజిలే, కాని పొడుగు బాడీ. రంగు ఊడిపోయింది, గుడ్డ టాపు, ఎనక దళసరి గుడ్డ పర్దా. దాని ఇంజను తిప్పితే చెట్టు మీది కాకులన్నీ లేసిపోయినయి. కాక చెవులు మూసుకొని నవ్విండు. అది ఇంటి బండి, మా ఆడోళ్లను దర్గకు, పెండ్లిళ్లకు తీసుకపోతం, అమ్మేది కాదు అన్నడు చాచా.

అన్నదమ్ములు ఆడ కూడ షురూ చేసిన్రు. ఇది బాగ లాగుతది, అది తక్కువ తాగుతది, దీని గేరు మంచిది, దాని టైర్లు కొత్తయి. తాత జరసేపు ఇన్నడు. తర్వాత బొంత పెట్రోల్ జీపుల ఎనక పరిచి, ఎక్కి పండుకో రా అన్నడు కాకను. కాక పరాచికం అనుకొని నవ్విండు. తాత మొఖం చూసి ఎక్కి పండుకున్నడు. మోకాళ్ల కిందికెల్లి కాళ్లు బయట ఏలాడుతున్నయి. ఇగ తోలు భాయ్, పక్కకున్న రాళ్ల బాట మీదికెల్లి తోలు, అన్నడు చాచాను. బండి ఎగిరి పడుకుంట పోతుంటే రోడ్డు మీద పోయేటోళ్లు ఆగి చూసిన్రు. అయ్యో ఎవరికేమైంది అని ఒకామె అడిగింది. పిల్లలు ఎనక ఉరికిన్రు. కాక కండ్లు మూసుకున్నడు. తర్వాత బాపు వంతు. పొట్టి జీపుల ఆయన కాళ్లు ఇంకా బయటికి వచ్చినయి, కుదుపుకు తల పోయి ఇనుముకు తాకింది. దిగి ఇద్దరు దుమ్ము దులుపుకుంట ఒకరి మొఖం ఒకరు చూడకుండ నిలబడ్డరు.

"మీ వదినె నిరుడు గిట్లనే పోయింది" అన్నడు తాత. "మీరు ఇంజను కొనేతందుకు వచ్చిన్రు. నేను ఆమె పండుకునే జాగ కొనేతందుకు వచ్చిన."

అప్పటిదాక దూరంగ నిలబడ్డ పెద్దబాపు వచ్చి బొంత తీసుకున్నడు. మూలకున్న పాత జీపుల పరిచి, ఎక్కి పండుకొని, లోపటికెల్లి పర్దా గుంజుకున్నడు. కాళ్లు కనబడలే, మనిషే కనబడలే. మేమందరం బయట నిలబడి చూస్తున్నం. చానాసేపు ఆయన దిగలే. కాక పిలువబోతే తాత చెయ్యి పట్టుకొని ఆపిండు. దిగినప్పుడు పెద్దబాపు కండ్లు ఎర్రగున్నయి. ఇదే తీసుకుందాం బాపు, అన్నడు తాతతోని. నిరుటి నుంచి ఆయన తన ఇష్టం చెప్పుడు అదే మొదలు.

అమ్మేది కాదన్న చాచా కూడ ఇదంతా చూస్తనే ఉన్నడు. కోడలి కోసమా, అని తాతను మెల్లగ అడిగిండు. అవునన్నడు తాత. చాచా గడ్డం దువ్వుకుంట జరసేపు ఆ బండి దిక్కు చూసిండు. పర్దా జర చినిగింది, కొత్తది కుట్టిచ్చి ఇస్త, ఎల్లుండి వచ్చి తీసుకపోరి, అన్నడు.

బండి ఊర్లెకు వచ్చిననాడు అందరు నవ్విన్రు. దాని చప్పుడు వాగు అవతలికెల్లే ఇనబడుతుండె. కాకనే తోలుడు నేర్చుకున్నడు, తిట్టుకుంటనే నేర్చుకున్నడు. పిల్లలు ముచ్చటపడి ఎక్కబోతే తాత ఎనక మాత్రం ఎక్కనియ్యకపోతుండె. బొంత ఎప్పుడూ పరిచే ఉంటుండె.

శ్రావణంల ఒకనాడు పగటిపూట పెద్దమ్మకు నొప్పులు మొదలైనయి. వాన ఆగుతలేదు. ఎనక పెద్దమ్మ, ఆమె పక్కన మా బాపు తల్లి, ఆమెను మేము అవ్వ అంటుంటిమి. ముందట కాక, పెద్దబాపు, నడుమ నేను. ఏమన్న కావాలంటే ఉరుకుతదని అవ్వ నన్ను ఎక్కిచ్చింది. వాగు నీళ్లు మా కాళ్ల కాడికి వచ్చినయి. కాక చిన్న గేరుల పెట్టి, పండ్లు కొరుక్కుంట, ఆపకుండ తోలిండు. బండి గొణుక్కుంట గొణుక్కుంట దాటింది. హమ్మయ్య అనుకున్నం. కాని సాతంరాయి కాడ రోడ్డెక్కుతుంటే అవ్వ లోపటికెల్లి ఆపు ఆపు అన్నది. ఇగ దవాఖాన దాక ఆగేటట్టు లేదు. బండి ఆగింది సరిగ్గ ఆ చాయ్ హోటల్ ముందటనే.

మొగోళ్లు మళ్ల లేచి నిలబడ్డరు. పెద్దబాపు దుంకి, వానల ఎనకకు పోయి, పర్దా రెండు అంచులు కలిపి రెండు చేతులతోని పట్టుకొని నిలబడ్డడు. లోపట పెద్దమ్మ ఒక్కసారి గట్టిగ అరిచింది. హోటల్ల ఉన్నోళ్ల తలకాయలన్నీ ఇటు తిరిగినయి. అప్పుడు మా కాక, డీజిల్ చప్పుడుకు చెవులు పోతయన్న మా కాక, గేరు తీసేసి రేజు, అదే ఎక్సలేటర్ మీద కాలు పెట్టి తొక్కిండు. ఇంజను ఒర్రుడు మొదలుపెట్టింది. ఎంత ఒర్రిందంటే, ఆమె అరుపు ఇంకొక్కటి బయటోళ్లకు ఇనబడలే. ముందట కూసున్న నాకే ఇనబడలే. కాక స్టీరింగ్ మీద నొసలు పెట్టుకొని తొక్కుతనే ఉన్నడు, కండ్లెంబడి నీళ్లు కారుతున్నయి. చానాసేపటికి అవ్వ ఎనకకెల్లి కాక భుజం మీద తట్టింది. కాక కాలు తీసిండు. చిన్నపిల్ల ఏడుపు ఇనబడ్డది.

ఆ పిల్లనే నా చెల్లె. ఇప్పుడు ఆమె కూడ నానమ్మ అయింది, కొత్తూరుల ఉంటది. ఆనాడు తల్లీబిడ్డలను దవాఖానల పండవెట్టినంక, తాత ఎడ్లబండి కట్టుకొని వానల తడుసుకుంట ఎనక వచ్చిండు. తలుపు బయటనే నిలబడ్డడు, లోపటికి రాలే. పెద్దమ్మ నన్ను దగ్గరికి పిలిచి చెవుల చెప్పింది. నేను బయటికి పోయి తాతకు చెప్పిన. కాళ్లు లోపటనే ఉండెనట తాతా, అని. తాత తువ్వాలతోని మొఖం తుడుచుకున్నడు. మంచిదన్ననని చెప్పు, అన్నడు.

మొన్న షోరూంల మనుమడు, కొడుకు మళ్ల పట్టుకున్నరు. నేను లేచి పోయి, వాళ్లు చూస్తున్న జీపు ఎనక తలుపు తెరువుమన్న. మూడు డోర్లది. ముందు సీటు మడత పెట్టి, ఆ సందులకెల్లి దూరాలెనట. ఒకడు గుంజితే, ఒకడు నూకితే ఎక్కిన. దిగుడు అంతకన్న కష్టమైంది. ఇంటికొచ్చేదాక కారుల పెట్రోల్ ముచ్చట రాలే, డీజిల్ ముచ్చట రాలే. ఏది కొంటరో వాళ్ల ఇష్టం. కొనేముందు ఎనక కూసుండి చూడుమంట, అంతే. ఏ బండి కొన్నా, ఏ ఇల్లు కట్టినా, మంచం చేయించినా, నేను ముందుగాల పోయి ఆడ కూసుంట, పండుకుంట. నవ్వేటోళ్లు నవ్వనీ.

పోయిన యేడు మా పెద్దమ్మ పోయింది. పండు ముసలిదై, దవాఖానలనే నిద్రల పోయింది, బాధేం పడలే. దవాఖానకెల్లి ఇంటికి తెచ్చే బండిల ఆమెను పండవెట్టిన్రు. నేను చెల్లె చెయ్యి పట్టుకొని ఎనక నిలబడ్డ. డ్రైవర్ తలుపు మూయబోతుంటే జర ఆగు నాయనా అన్న. వంగి చూసి, దుప్పటి పాదాల కిందికి సర్ది, మూయమన్న. కాళ్లు లోపటనే ఉన్నయి. ఆ మాట ఎవరికన్న పోయి చెప్పాలె అనిపించింది. చెప్పేతందుకు తలుపు బయట తాత లేడు.