అద్దింటి గోడ ముందు కొల్లేటి చాప

మా అద్దింటి హాల్లో మూడు గోడల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా ప్రాణం తీసింది పడమటి గోడ ఒక్కటే. వానలకు చెమ్మెక్కి, ఎప్పుడో వేసిన ఆకుపచ్చ రంగు పెచ్చులూడి, దాని కింద నీలం, నీలం కింద సున్నం బయటపడి, గజ్జి పట్టిన కుక్క వీపులా ఉండేది. ఏలూరులో మా ఆయన బడికి దగ్గరగా దొరికిన ఇల్లని చేరిపోయాం. తాళాలిచ్చిన రోజే ఇంటావిడ చెప్పేశారు: "మేకు కొట్టకూడదండీ. రంగు వెయ్యకూడదండీ. ఆ గోడ ఎలా ఉందో అలాగే ఉంచాలండీ." దెబ్బ తగిలితే గోడంతా రాలిపోతుందని ఆవిడ భయం. ఆ భయం అబద్ధమేమీ కాదు.

చిక్కంతా శ్రావణమాసంలో వచ్చేది. వరలక్ష్మీ వ్రతానికి అమ్మవారిని తూర్పు ముఖంగా కూర్చోబెట్టాలంటే మా ఇంట్లో ఆ పడమటి గోడ ముందే చోటు. మా తోడికోడలు, మా ఆయన అన్నగారి భార్య, తాడేపల్లిగూడెంలో సొంతింట్లో ఉంటుంది. మేం గృహప్రవేశం చేసిన రోజే ఆ గోడను ఎగాదిగా చూసి, "ఈ అద్దెకొంపలో, ఈ గోడ ముందు అమ్మవారిని ఎలా కూర్చోబెడతావే? మా ఇంటికి వచ్చెయ్యి" అంది.

వెళ్ళాను. ఒక ఏడు కాదు, మళ్ళీ ఏడు కూడా వెళ్ళాను. అక్క మంచిదే, కాదనను. కానీ ఆ ఇంట్లో నా కలశం అక్క కలశానికి పక్కన, ఓ మూలకి. పేరంటానికి వచ్చేవాళ్ళంతా అక్క ఇరుగుపొరుగులు. నా వ్రతానికి నేనే చుట్టాన్ని. తిరుగు రైల్లో ఖాళీ కలశం చెంబు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, భీమడోలు వచ్చేసరికి కళ్ళు తుడుచుకోవడం అలవాటైపోయింది.

ఈసారి మాత్రం మా ఆయనతో తేల్చి చెప్పాను. అమ్మవారు నా ఇంటికే వస్తుంది.

సినిమా పోస్టర్లు మైదా ఉడకబెట్టి అంటిస్తారు కదా, అదే పద్ధతిలో గోడకి పూల కాగితం అంటిద్దామనుకున్నాను. తర్వాత తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, గోడకి నష్టం లేదు. పురుగు చేరకుండా వాళ్ళు అందులో మైలుతుత్తం కలుపుతారు. అమ్మవారు కూర్చునే చోట విషమేమిటని నేను అది మానేశాను. పైగా జిగురు బాగా రావాలని కాస్త బెల్లం పాకం పోశాను. తెలివంటే నాదే. మర్నాటికల్లా కిటికీ నుంచి బారులు తీరి వచ్చేశాయి చీమలు. కాగితం కనపడదు, చీమలే.

"అమ్మవారికంటే ముందు పేరంటానికి వీళ్ళొచ్చేశారే" అన్నారు మా ఆయన, కాఫీ తాగుతూ. ఆ గ్లాసు లాక్కుని పారబొయ్యాలనిపించింది.

కాగితం పీకుతుంటే పెచ్చులు రాలిన చప్పుడుకి ఇంటావిడ వచ్చారు. "గోడ జోలికి వెళ్ళొద్దని చెప్పానా లేదా అండీ? ఇంకోసారి ఇలా జరిగితే వేరే ఇల్లు చూసుకోండి" అని వెళ్ళిపోయారు. మా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా అక్క ఫోను. "చూశావా, నే చెప్పలా? శుక్రవారం పొద్దున్నే రైలెక్కి వచ్చెయ్యి."

"లేదక్కా, సాయంత్రం పేరంటానికి మీరే రండి" అన్నాను. ఎలా చేస్తానో నాకే తెలీదు. అన్నాక వెనక్కి తగ్గడం మాత్రం మా ఇంటా వంటా లేదు.

మర్నాడు బట్టలారేస్తుంటే ఎదురు మేడ మీద ఏదో శుభకార్యానికి పందిరి వేస్తున్నారు. మేడ మీద గుంతలు తవ్వలేరు కదా, డబ్బాల్లో ఇసుకా రాళ్ళూ కూరి వాటిల్లో గడలు నిలబెడుతున్నారు. తడి చీర చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నేల తవ్వకుండా పందిరి నిలబడినప్పుడు, గోడ ముట్టుకోకుండా నా తెర ఎందుకు నిలబడదు?

కైకలూరు దగ్గర మా పుట్టింటికి బస్సెక్కాను. పెళ్ళిళ్ళలో బంతి భోజనాలకు పరిచే పొడుగు చాపలు మా అమ్మ అటక మీద ఉన్నాయి. కొల్లేటి తుంగతో నేసినవి, అంచులకి గులాబీ రంగు చారలు.

"చాపలు నేల మీద పరుస్తారు గానీ గోడకేంటే?" అంది అమ్మ.

"గోడకి కాదే, గోడ ముందు."

అమ్మ వాటిని అటక మీంచి దింపింది. కడిగి, ఎండలో ఆరేసి, చుట్టలు చుట్టి ఇచ్చింది. బస్సులో వాటిని పక్కన నిలబెట్టుకుని ఏలూరు దాకా నేనూ నిలబడ్డాను.

ఇంటావిడ వాటాలో ఆ మధ్యే రంగులు వేయించారు. ఖాళీ డబ్బాలు అడిగితే అనుమానంగా చూశారు. "రంగు వెయ్యనండీ, డబ్బాలే కావాలి" అన్నాను. ఇచ్చారు. పందిరివాళ్ళ దగ్గర వెదురు గడలు తెచ్చుకున్నాం. రెండు డబ్బాల్లో ఇసుక కూరి రెండు గడలు, వాటి మీద అడ్డంగా ఇంకోటి. గోడకి జానెడు ఎడంగా చాపలు వరసగా దిగవేశాం. ముళ్ళన్నీ మా ఆయనే వేశారు, ఆ చీమల మాటకి ప్రాయశ్చిత్తంగా. రెండు గడలకి అరటి పిలకలు కట్టి, పైన బంతిపూల దండ వేసి, డబ్బాలకి పాత పట్టుచీర ముక్కలు చుట్టేసరికి పందిరి మండపమైపోయింది. దీపం వెలుగులో ఆ తుంగ బంగారం రంగులో మెరిసింది. నాకు ఏడుపొచ్చింది, ఈసారి సంతోషంతో.

శుక్రవారం అందరికంటే ముందు ఇంటావిడే వచ్చారు. అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, చాప వెనక్కి చెయ్యి పోనిచ్చి గోడంతా తడిమారు. ఆ తర్వాత వచ్చిన ప్రతి ముత్తైదువకీ ఆవిడే చెప్పడం మొదలుపెట్టారు. "నేను చూశానండీ, ఒక్క చిల్లు లేదండీ."

అక్క తన వ్రతం ముగించుకుని సాయంత్రం రైలుకి దిగింది. గడపలోనే ఆగి, "గోడ ఏదే?" అంది.

"అక్కడే ఉందక్కా, వెనకాల."

తాంబూలం, శనగలు పళ్ళెంలో పెట్టి, కొంగు కప్పి, "ఇస్తినమ్మ వాయనం" అన్నాను. "పుచ్చుకుంటినమ్మ వాయనం" అంది అక్క, నా ఇంట్లో, నా అమ్మవారి ముందు, నా ఇరుగుపొరుగుల మధ్య.

వెళ్ళేముందు మండపం పక్కన నిలబడి ఫొటో తీయించుకుంది. రైలు కదిలిందో లేదో, మా కుటుంబం గ్రూపులో ఆ ఫొటో పడింది. కింద అక్క రాసిన మాట: "మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం."

అద్దెకొంప అన్న అక్కే రాసిన ఆ మాట ఎన్నిసార్లు చదువుకున్నానో తెలీదు. మా ఆయనకి చూపించాను. మా అమ్మకి పంపించాను. అయినా ఆగలేక, వాకిట్లో ముగ్గు చెరిగిన చోట నిలబడ్డ ఇంటావిడకి కూడా చదివి వినిపించాను.

ఆవిడ నవ్వి, "మరి మీ ఇల్లే కదండీ, మేకు కొట్టనంత కాలం" అన్నారు.