కొండమ్మక్క జొన్న కప్పు

నిన్న పీలమేడు బస్టాపు దగ్గర టీకొట్టులో నా పక్కన నిలబడ్డ ఒకాయన జొన్న కప్పు మీది ప్లాస్టిక్ కవరు చించాడు. ఆ చరచర చప్పుడు వినగానే నేను టీ గ్లాసు పక్కన పెట్టేశాను. కవరు మీద ఉన్నది మా కంపెనీ పేరే. టీ తాగి కప్పు కూడా తినేయవచ్చు, చెత్త మిగలదు అని అచ్చువేయించిన గొప్పలూ నావే. కప్పు మాత్రం కొండమ్మక్కది.

ఆమె కోవిల్‌పట్టి వైపు నల్లరేగడి సేద్యం చేసుకునే తెలుగువాళ్ళ ఆడపడుచు. పెళ్ళయి తుడియలూరు వచ్చింది. భర్త పంపుల వర్క్‌షాపులో పనిచేసేవాడు. ఆయన పోయాక, ఆయన చేసిపెట్టిన ఇనప అచ్చులతోనే ఇంటి వెనక షెడ్డులో ఈ కప్పులు కాల్చడం మొదలుపెట్టింది. కాలేజీ చదువు ముగించి ఉద్యోగం దొరక్క తిరుగుతున్న నన్ను పిలిచి పనిలో పెట్టుకుంది. నా చదువును మాత్రం ఎన్నడూ లెక్కచేయలేదు.

ఆమెకు ఒకటే పట్టు. ప్రతి వాయిలో మొదటి కప్పులో వేడి టీ పోసుకుని, కాల్చినవాళ్ళే తాగి, ఆ కప్పు తినాలి. ఒకసారి మాడిందని నేను సగం పారేస్తే, దాన్ని ఏరి, ఊదుకుని తన నోట్లో వేసుకుంది.

"ఏం కన్నూ, నువ్వు తిననిది ఊరు తింటుందా?"

"మాడిపోయిందింగ అక్కా," అన్నాను, ఇక్కడి అలవాటున మర్యాదకు 'ఇంగ' చేర్చి.

"మాడిచ్చింది ఎవురు? తినేటట్ల చెయ్యి. తినకపోతే ఇదీ కుప్పతొట్టికే పొయ్యేది."

వానల్లో కప్పులు మెత్తబడకుండా తగరపు డబ్బాల్లో సర్ది టీకొట్లకు తనే మోసేది, ఖాళీ డబ్బాలు తిరిగి తెచ్చుకునేది. కవర్లలో వేస్తే సులువు కదా అన్నందుకు వారం రోజులు నాతో ముభావంగా ఉంది.

తర్వాత ఆమెకు గొంతులో జబ్బు చేసింది. ఆమె ఆస్పత్రిలో ఉండగా షెడ్డు నేనే చూసుకున్నాను. ఆర్.ఎస్. పురంలో ఒక పెద్ద దుకాణం వాళ్ళు ఆర్డరిచ్చి, ఒక్కో కప్పూ విడిగా ప్లాస్టిక్ కవరులో సీలు చేసి ఉండాలన్నారు. షెడ్డులో మాతోపాటు కప్పులు కాల్చే ఆరుగురు ఆడవాళ్ళు పని లేక కూర్చున్న రోజులవి. ఒప్పుకున్నాను. అక్క మురిసిపోతుందనుకుని ఒకటి పట్టుకెళ్ళి చూపించాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

కవరు తనే విప్పి, కప్పు నా చేతిలో పెట్టింది. ఆమెకు అప్పటికే మంచినీళ్ళు కూడా దిగడం లేదు.

"తిను కన్నూ. చప్పుడు వింటాను."

తిన్నాను. ఆమె కళ్ళు మూసుకుని వింది. ముక్క మిగలకుండా తిన్నాక కవరు ఎత్తి చూపించింది.

"కప్పు నువ్వు తింటివి. దీన్ని ఎవురు తినేది?"

కోప్పడినా బాగుండేది. ఆర్డరు వద్దంటానక్కా అని ఒక్క మాట అంటే ఆమె మనసు కుదుటపడేది. ఆ మాట అనకుండానే లేచి షెడ్డుకు వెళ్ళిపోయాను. నాలుగు రోజులకే ఆమె పోయింది.

షెడ్డు ఇప్పుడు ఫ్యాక్టరీ అయింది. తగరపు డబ్బాలు అటకెక్కాయి. వాయికి మొదటి కప్పు ఇప్పటికీ నేనే తింటాను. అదొక్కటే ఆమె చెప్పినట్టు చేస్తున్నాను.

నిన్న ఆ పెద్దమనిషి కప్పంతా తిన్నాడు, అక్క చూసి ఉంటే సంతోషించేది. కవరు కింద పడేసి బస్సెక్కాడు. నేను వంగి తీసి సంచిలో వేసుకున్నాను. ఆస్పత్రిలో ఆమె తన దిండు కింద నాలుగు మడతలు పెట్టి దాచుకోగా, పోయాక నాకు దొరికిన ఆనాటి కవరు కూడా ఆ సంచిలోనే ఉంటుంది. ఆమె పోయి ఇన్నేళ్ళయినా అది కొత్తదానిలాగే ఉంది.