లేడీస్ తలుపు మీద సువార్తమ్మ గారు

పోయిన నెల నేనొక టాయిలెట్ తలుపు పట్టుకుని, గుంటూరు నుంచి అద్దంకి దాకా ట్రాలీ ఆటో వెనకాల నిలబడి వెళ్ళాను. నవ్వకండి. సరే, నవ్వండి, మొదట్లో నాక్కూడా నవ్వే వచ్చింది. తర్వాత రాలేదు.

మీకు తెలుసుగా, బ్రాడీపేటలో మా ఇంటి ముందుగది నిండా పాత సామానే. ఇత్తడి మరచెంబులు, ట్రంకు పెట్టెలు, పలకని రేడియోలు, చెక్క ఫ్రేములు. ఊళ్ళు తిరిగి కొనుక్కొచ్చి, తుడిచి, ఫోటో తీసి నా పేజీలో పెడతాను. కొత్త ఇళ్ళ వాళ్ళూ, కాఫీ షాపుల వాళ్ళూ ఎగబడి కొంటారు. వాళ్ళ ఇళ్ళల్లో ఇవే పారేసి ఉంటారు, నా దగ్గరికొచ్చేసరికి ‘వింటేజ్’ అయిపోతుంది. నాకేం, పార్సిల్ కడతాను.

అద్దంకిలో మస్తాన్ గారని పాత ఇనుము కొట్టాయన ఉన్నాడు. మంచి సరుకు వస్తే ఫోన్ చేస్తాడు. ఆ రోజు వెళ్తే, పాత పేపర్ల కట్టల మధ్య నుంచి ఒక ఫోటో ఫ్రేము తీశాడు. అసలైన టేకు. లోపల ఒక పెద్దావిడ నలుపు తెలుపు ఫోటో. తెల్లచీర, కళ్ళజోడు, ఒక చెయ్యి గుండ్రటి బల్ల మీద, ఇంకో చేతిలో పుస్తకం. నిటారుగా నిలబడి కెమెరా వంక ఎలా చూస్తోందంటే, మనమేదో తప్పు చేసి దొరికిపోయినట్టుంది.

“ఎవరండీ ఈవిడ?”

“ఎవరో ఏమో తల్లీ. తోపుడు బండి వాడు కాగితాలతో పాటు తెచ్చాడు. ఫ్రేము చూడు, ఫ్రేము!”

ఫ్రేమే చూశాను. ఇంటికొచ్చి తుడిచి, ఫోటో తీసి, బుద్ధి తక్కువై ఇలా రాశాను: “నాయనమ్మ అమ్మబడును! తిండి పెట్టక్కర్లేదు, మందులు కొనక్కర్లేదు, నస పెట్టదు. గోడకి ఒక్క మేకు చాలు.”

అబ్బో, ఏం నవ్వారండీ జనం! వందల మంది షేర్ చేశారు. పేజీ పెట్టిన రెండేళ్ళలో నాకంత పేరెప్పుడూ రాలేదు. గంటలో అమ్ముడుపోయింది. కొన్నది మన ఊళ్ళోనే కాఫీ షాపు పెట్టిన కిశోర్. “అక్కా, ముసలమ్మ సూపర్! దీనికి జతగా ఒక ముసలాయన కూడా కావాలి” అన్నాడు. మీసాల పెద్దమనిషి ఫోటో ఒకటి ఉంటే అదీ ఇచ్చాను. జత ఎందుకురా అని అడగలేదు. అడగాల్సింది.

మూడు వారాల తర్వాత, ఒక పొద్దున ఫోన్.

“అమ్మా, ‘నాయనమ్మ అమ్మబడును’ అని రాసింది మీరేనా?”

నిదానమైన గొంతు. క్లాసులో కాపీ కొట్టినవాణ్ణి లేపి నిలబెట్టే గొంతు. నేను గర్వంగా, “అవునండీ, అది అమ్ముడుపోయింది. అలాంటివి ఇంకా ఉన్నాయి” అన్నాను.

“ఆవిడ మా అమ్మ.”

నోట్లో ఉన్న టీ నోట్లోనే ఉండిపోయింది.

ఫోన్ చేసినావిడ పేరు ఎస్తేరు రాణి, ఫోటోలో ఉన్నది వాళ్ళమ్మ సువార్తమ్మ గారు. అద్దంకి పక్క పల్లెలో టీచరు. ఇంటికి సున్నాలు వేయిస్తూ సామానంతా అరుగు మీద పెట్టారట. ఫ్రేము బోర్లా పడి, దాని మీద పాత పేపర్లు పడ్డాయి. తోపుడు బండి వాడొస్తే కట్టంతా ఎత్తి తక్కెట్లో వేసేశారు. “వేరే ఎవర్నీ అనడానికి లేదమ్మా. ఎత్తి ఇచ్చింది నేనే” అంది. ఊళ్ళో పాత సామాన్ల కొట్లన్నీ తిరిగి, చివరికి మస్తాన్ గారి దగ్గరికి వెళ్తే, ఆయన తన ఫోన్లో నా పేజీ చూపించాడు. నా రాతతో సహా.

“మా నాన్నకి తొంభై దగ్గర పడ్డాయి. మంచంలోనే ఉన్నాడు. కళ్ళు తెరవగానే ఎదురుగా గోడ మీద అమ్మే కనబడేది. ఇప్పుడు పొద్దుటి నుంచీ ‘మీ అమ్మేదే, మీ అమ్మేదే’ అంటాడు. సున్నం ఆరాక పెడతాం నాన్నా అని మూడు వారాల నుంచి అబద్ధం చెబుతున్నాను. నాలుగు రోజులుగా గంజి కూడా లోపలికి పోవట్లేదు.”

“అయ్యో! నా పేజీలో ఫోటో ఉందిగా అండీ, ప్రింట్ తీయించి...”

“తీయించామమ్మా. ఫోటో తీసేటప్పుడు అద్దంలో మీ నీడ పడింది. ‘మీ అమ్మ పొట్టలో ఫోను పట్టుకుని ఈవిడెవరే’ అన్నాడు నాన్న.”

“మీరేం కంగారు పడకండి. ఫోటో మా గుంటూరులోనే ఉంది, చాలా మంచి చోట పెట్టారు. ఎంతో గౌరవంగా చూసుకుంటున్నారు. సాయంత్రానికల్లా నేనే తెచ్చిస్తాను” అన్నాను. ఎక్కడ పెట్టారో నేను చూడనే లేదు! ఊరికే నోటికొచ్చేసింది.

కిశోర్ షాపు పదకొండింటికి గానీ తెరవడు, తెరిచే వేళకి స్కూటీ వేసుకుని పరిగెత్తాను. గోడలన్నీ చూశాను. సైకిలుంది, లాంతరుంది, కుట్టుమిషనుంది. ముసలమ్మ లేదు.

“కిశోర్, ఆ ఫోటో ఏదిరా?”

“అదా? రా అక్కా, చూస్తే నువ్వే మెచ్చుకుంటావ్!”

వెనక్కి తీసుకెళ్ళాడు. రెండు తలుపులు. ఒకదాని మీద మీసాల పెద్దాయన. రెండోదాని మీద ఆవిడ. తెల్లచీర, పుస్తకం, అదే చూపు. కింద బంగారు రంగు అక్షరాలు: లేడీస్.

“కస్టమర్లంతా దీని పక్కనే సెల్ఫీ దిగుతున్నారక్కా!”

విషయం చెప్పాను. పిల్లవాడి మొహం మాడిపోయింది. “తీసేద్దాం అక్కా, ఇప్పుడే తీసేద్దాం” అన్నాడు. అంతలో నా ఫోన్ మోగింది. ఎస్తేరు గారు. “అమ్మా, మనసాగక బస్సెక్కేశాను. గుంటూరు బస్టాండులో దిగాను. ఎక్కడికి రమ్మంటారు?”

ఇంటికి రమ్మనాల్సింది కదా! కంగారులో కాఫీ షాపు గుర్తులు చెప్పేశాను. ఆటోలో పావుగంట. ఈలోపు ఊడదీసేద్దామని చూస్తే ఒక్క స్క్రూ లేదు. ఫ్రేము వెనక అట్టంతా గమ్ము పూసి తలుపుకి అంటించేశారు. “చచ్చినా ఊడదని చెప్పి మరీ అంటించాడక్కా పనివాడు” అన్నాడు కిశోర్ ఏడుపు మొహంతో. వంటగదిలోంచి చాకు తెచ్చి సందులో దూర్చాను. టప్ మంది. అద్దం మూల నుంచి మూలకి చీలింది. ఇంకాస్త తిప్పాను. లోపల అట్ట చిరుగుతున్న చప్పుడు. చెయ్యి తీసేశాను.

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో ఆవిడ. సన్నగా, నేత చీర, చేతిలో గుడ్డ సంచి. ఫోటో పెట్టుకోవడానికి తెచ్చుకున్న దుప్పటి అందులోంచి కనబడుతోంది.

“రండి రండి, కూర్చోండి! కాఫీ తాగండి. ఫోటో తుడుస్తున్నారు, ప్యాక్ చేసి తెచ్చేస్తారు” అన్నాను. ఆవిణ్ణి తలుపులు కనబడకుండా అటు తిప్పి కూర్చోబెట్టాను. హమ్మయ్య అనుకున్నాను.

రెండున్నర గంటలు బస్సులో కూర్చుని వచ్చిన మనిషి. నాకు ఆ ఆలోచనే రాలేదు.

“అమ్మా, ఇక్కడ బాత్రూం ఎటు?”

“వద్దండీ! ఇక్కడ బాగోదు! మా ఇల్లు దగ్గరే, అక్కడికి...”

“ఫర్లేదమ్మా” అంటూ లేచింది. అడ్డంగా వెళ్ళాను. నన్ను తప్పుకుని వెళ్ళింది. వెళ్ళి ఆగిపోయింది.

ఎంతసేపు నిలబడిందో తెలీదు. షాపులో పాట మోగుతుంటే కిశోర్ పరిగెత్తి ఆపేశాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, కింద అక్షరాలు చదివింది. కొంగుతో అద్దం తుడిచింది, చీలిక దగ్గర ఆగి ఆగి.

“మా అమ్మకి బతికున్నన్నాళ్ళూ మరుగుదొడ్డి లేదమ్మా” అంది, నావంక చూడకుండా. “పగలంతా ఓర్చుకునేది. చీకటి పడ్డాక చెంబు పట్టుకుని పొలాల్లోకి పోయేది. వానాకాలమైతే బయటికి పోవాల్సి వస్తుందని మంచినీళ్ళు కూడా తాగేది కాదు.”

అంతే. తిట్టి ఉంటే బాగుండేది. తర్వాత హ్యాండిల్ పట్టుకుని, తలుపు మెల్లగా తీసి, లోపలికి వెళ్ళి, మెల్లగా వేసుకుంది. ఏం చేస్తుంది, అవసరం ఆగదు కదా. బయట నేనూ, సువార్తమ్మ గారూ మిగిలాం. ఎదురెదురుగా. ఆవిడ అలా చూస్తూనే ఉంది. నేను తల దించుకున్నాను.

కిశోర్ వడ్రంగిని పిలిచాడు. ఆయన వేలితో తట్టి చూసి, “ఊడదీస్తే బొమ్మ దక్కదు. ఇంటి దగ్గర నిదానంగా, వెనక చెక్కంతా కోసి తియ్యాలి. ఒక పూట పని” అన్నాడు.

“నాన్నకి పూట టైముందో లేదో” అంది ఎస్తేరు గారు.

నేనే అన్నాను. “తలుపు తీసెయ్యి కిశోర్.”

వాడే స్క్రూడ్రైవర్ తెచ్చాడు. బందులు విప్పుతున్నంతసేపూ ఎస్తేరు గారు తలుపుని పొదివి పట్టుకునే ఉంది. అప్పుడే చెప్పింది. అది టీచర్ ట్రైనింగులో సీటొచ్చిన రోజు తనే తీసుకెళ్ళి తీయించిన ఫోటోట. కళ్ళజోడు స్టూడియో వాళ్ళదే, పుస్తకం వాళ్ళదే. సువార్తమ్మ గారికి అక్షరం రాదు. మిరపకాయ కోతలకి పోయి పోయి ఒరుసుకుపోయిన చేతులు కొంగు కింద దాచుకోబోతుంటే, ఫోటోగ్రాఫరు ఆ చేతిలో పుస్తకం పెట్టాడట. “ఇంకో ఫోటో లేదమ్మా మా అమ్మది” అంది.

ట్రాలీ ఆటో మాట్లాడాం. డ్రైవరు తలుపు వంకా మా వంకా చూశాడు. “టాయిలెట్ తలుపు అద్దంకి దాకానా? అక్కడ దొరకవా అమ్మా తలుపులు?”

తలుపుని పడుకోబెట్టబోతే ఎస్తేరు గారు ఒప్పుకోలేదు. “అలా వెల్లకిలా వద్దమ్మా, చూడలేను” అంది. సరే అని క్యాబిన్‌కి ఆనించి తాడేసి కట్టి, ఆవిణ్ణి ముందు కూర్చోబెట్టి, నేను వెనక నిలబడి పట్టుకున్నాను. మూడు గంటలు! కల్లాల నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, ఘాటుకి తుమ్ములే తుమ్ములు. పత్తి లారీ ఒకటి ముందు పోతుంటే దూది ఎగిరి నా జుట్టంతా తెల్లబడింది. చిలకలూరిపేట దగ్గర ఆటో ఆగితే, బస్సు కోసం నిలబడ్డ ఒకామె లేడీస్ అన్న అక్షరాలు చదివి, “అమ్మా, ఇది గవర్నమెంటోళ్ళదా? వెళ్ళొచ్చా?” అని అడిగింది. కాదమ్మా అన్నాను. “మరి అంతంత అక్షరాలతో రాయడమెందుకు?” అని తిట్టుకుంటూ వెళ్ళిపోయింది. పాపం, ఆవిడ అవసరం ఆవిడది.

ఊరు చేరేసరికి ఎండ తగ్గింది. తలుపు ఇంటి గుమ్మంలో పట్టలేదు. అడ్డంగా తిప్పి, ఏటవాలుగా వంచి, ఇద్దరు పక్కింటి వాళ్ళూ నేనూ కలిసి లోపలికి లాక్కెళ్ళాం. మంచం ఎదురుగా గోడకి ఆనించాం. అద్దం చీలి ఉంది, కింద లేడీస్ అని మెరుస్తోంది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

“నాన్నా, అమ్మొచ్చింది” అంది ఎస్తేరు గారు.

దేవదానం తాతగారు కళ్ళు తెరిచాడు. చాలాసేపు చూశాడు. తలుపు చూశాడో లేదో, అక్షరాలు చూశాడో లేదో తెలీదు. పెదవులు కదిలాయి. దగ్గరికి వంగి విన్నాం.

“ఎంతసేపు నిలబెడతారే దాన్ని? కాళ్ళు పీకుతాయి. కూచోమనండి.”

ఆ రాత్రి నాలుగు చెంచాల గంజి తాగాడు. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. ఎనిమిదో రోజున పోయాడు. వడ్రంగిని పిలిపిస్తానని నేను రెండుసార్లు ఫోన్ చేస్తే, “ఇప్పుడొద్దమ్మా, ఆయన అటే చూస్తున్నాడు. చెక్క కోసేటప్పుడు ఏమన్నా అయితే?” అంది ఎస్తేరు గారు. దాంతో తలుపు అలాగే ఉండిపోయింది. శవపెట్టె పక్కన తలుపు, తలుపు మీద సువార్తమ్మ గారు. పాస్టరు గారు వాక్యం చదువుతున్నంతసేపూ, వచ్చినవాళ్ళంతా ఆ బంగారు అక్షరాల వైపు చూసి, చూడనట్టు తల తిప్పుకున్నారు. ఎవరో ఒకావిడ నన్ను చూపించి “ఎవరీమె?” అని అడిగింది.

“అమ్మని తీసుకొచ్చినావిడ” అంది ఎస్తేరు గారు.

అమ్మింది కూడా నేనేనని చెప్పలేదు. నేనూ చెప్పలేదు. సమాధుల దొడ్డి దాకా అందరి వెనకాలా నడిచాను.

తర్వాత వడ్రంగి పూటంతా కూర్చుని ఫోటోని క్షేమంగా తీశాడు. ఇప్పుడు గోడ మీద భార్యాభర్తలిద్దరూ ఉన్నారు.

మొన్న కిశోర్ ఫోన్ చేశాడు. కొత్త తలుపు పెట్టించాడట. “అక్కా, మగవాళ్ళ వైపు మీసాలాయన్ని కూడా తీసేశాను, భయమేసి. బొమ్మలు లేకపోతే జనం తికమక పడి ఒకళ్ళ దాంట్లోకి ఒకళ్ళు పోతున్నారు. ఎవరికీ ఏమీ కాని ముసలమ్మ ఎవరైనా ఉందా నీ దగ్గర?”

“ఎవరికీ ఏమీ కానివాళ్ళు ఉండరురా” అన్నాను. “నా ఫోటో పెట్టుకో. అభ్యంతరం లేదని రాసిస్తాను” అన్నాను. వాడు జోకనుకున్నాడు. నేను నిజంగానే ఇచ్చాను. నలుపు తెలుపులో, పెద్ద సైజులో. మగవాళ్ళ తలుపు మీద వాడి ఫోటోనే పెట్టుకున్నాడు.

నిన్న కాఫీ తాగుదామని వెళ్ళి, ఎలా ఉందో చూద్దామని ఆ తలుపు పక్కన నిలబడ్డాను. ఒక కాలేజీ పిల్ల వచ్చింది. తలుపు మీది నన్ను చూసింది, పక్కనున్న నన్ను చూసింది. మళ్ళీ తలుపు చూసింది. చాలా మర్యాదగా అడిగింది:

“లోపల ఎవరైనా ఉన్నారా ఆంటీ?”

“లేరమ్మా, వెళ్ళు” అన్నాను.