బర్రె దగ్గర జర్మనీ చుట్టం

అరవైల చివర బోధన్ వైపు ఒక చక్కెర మిల్లులో యంత్రాలు బిగించడానికి జర్మనీ నుంచి ఇంజనీరు ఒకాయన వచ్చాడు. ఆయన భార్యది చక్కెర దుంప పండించే రైతు కుటుంబం. ఇక్కడి రైతు ఇంట్లో వారం రోజులుండి, వాళ్లు తినేది తిని, చేసే పని చేయాలని ఆమె కోరిక. డిప్లొమా ముగించి మిల్లులో కొత్తగా చేరిన నాకు ఇంగ్లీషు కొంచెం వచ్చు, ఆమెకూ అంతే వచ్చు. అందుకని నన్ను తోడు పంపారు.

నవీపేట్ దారిలో తెలిసిన చెరకు రైతు ఇల్లు కుదిర్చాను. ముందే జాబితా రాసుకున్నాను: కాచి చల్లార్చిన నీళ్లు, దోమతెర, మలేరియా మాత్రలు, నవారు మంచం, డబుల్ రొట్టె, కారం తక్కువ కూర... మొత్తం పదకొండు అంశాలు. పని అనే అంశం అందులో లేదు.

ఇంటివాళ్లూ అదే పొరపాటు చేశారు. ఎక్కడి నుంచో కుర్చీ తెచ్చి ఆమెను కూర్చోబెట్టి, రెండు రోజులు లేవనివ్వలేదు. చీపురు పట్టుకుంటే కోడలు లాక్కునేది. పెండ గంప అందుకోబోతే అత్త అడ్డం నిలబడింది. ఆ అత్తను ఊరంతా అవ్వ అనేది.

"సుట్టం పెండ తీస్తదా? ఊరోళ్లు మా మొకాన ఉమ్మేస్తరు. గామెను సల్లగ కూసోమను కొడుకా."

నేను అనువదించాను. ఆమె కూర్చుంది గానీ ముఖం చిన్నబోయింది.

మూడో రోజు పొద్దున కోడలి కుడిచేతి బొటనవేలు గోరుచుట్టుతో వంకాయలా ఉబ్బింది. ఆ ఇంట్లో ఉన్నది ఒకటే బర్రె. నెల కింద దాని దూడ, దుడ్డె, చచ్చిపోయినప్పటి నుంచి అది కోడలికి తప్ప ఎవరికీ చేపడం లేదు. ఇంకో చేయి తగిలితే పాలు బిగబట్టేది. కోడలి భర్త చెరకు బండితో మిల్లు దగ్గర వరుసలో ఉన్నాడు. పొద్దుటి పాలు పొదుగులోనే ఉండిపోయాయి. సాయంత్రానికి పొదుగు రాయిలా గట్టిపడింది. అవ్వ చేయి వేస్తే తన్నింది.

"ఇంకో పూట ఆగితే పొదుగు వాసి ఎండిపోతది. మరి పోరికి పాలెట్ల?" అంది అవ్వ, ఏడాది నిండని మనవరాలిని చంకనేసుకుని.

చుట్టం లేచి బర్రె వైపు నడిచింది. ఈసారి ఎవరూ ఆపలేదు. బర్రె బుసకొట్టి, తలుగు తెగేలా గుంజింది. ఆమె వెనక్కి వచ్చి కోడలి చీర కొంగు పట్టుకుని వాసన చూసింది, బర్రె వైపు వేలు చూపింది. "మా ఇంట్లో ఆవుకు... మా అమ్మ కోటు," అంది నాతో.

నేను నోరు తెరిచేలోపే కోడలికి అర్థమైంది. సిగ్గుతో కుంచించుకుపోయింది. "అయ్యో, ఇది నిన్న కట్టిన సీర! ఉతికింది ఇస్త అని చెప్పన్నా."

"ఉతికిందెందుకే పిచ్చిదానా! బర్రెకు నీ కంపే గావాలె," అంది అవ్వ.

గౌను మీద ఆ చీర మూటలా చుట్టుకుని ఆమె బయటికొచ్చింది. కోడలు మరో చీర కట్టుకుని బర్రె తల దగ్గర నిలబడి ఎడమ చేత్తో దాని మెడ నిమిరింది. "ఊకో నా తల్లీ, నేనే, నేనే," అని అబద్ధమాడింది. బర్రె చీరను మూచూసింది. నా గడియారంలో నాలుగు నిమిషాలకు అది నెమ్మదించింది. చుట్టం తన తల బర్రె డొక్కకు ఆనించి మెల్లగా పిండడం మొదలుపెట్టింది. మనవాళ్లు బొటనవేలు మడిచి పిండుతారు, ఆమె పిడికిలితో పిండింది. మొదటి ధారలు అరచేతిలో పట్టి, గడ్డలున్నాయేమో చూసి, కోడలికి చూపింది. కోడలు తలూపింది. తర్వాత గిన్నెలో పాలు మోగాయి.

ఎక్కడి దుంప చేను, ఎక్కడి చెరకు చేను! ఆ పాక కింద ముగ్గురు ఆడవాళ్లకు తెలిసింది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. నా ఇంగ్లీషుతో ఎవరికీ పని పడలేదు.

అప్పటి నుంచి రెండు పూటలా ఆమే పిండింది. వారం నిండిన సాయంత్రం ఇంజనీరు జీపు వేసుకుని వచ్చాడు. కోడలి వేలు ఇంకా మానలేదు. ఆమె అతనితో జర్మన్‌లో ఏదో చెప్పి, నా వైపు తిరిగింది.

"నా భర్త ఆగుతాడు. బర్రె ఆగదు."

అవ్వకు చెప్పాను. "పాపం, ఆయనకు అన్నమెవరు వండుతరు?" అంది అవ్వ.

ఆయన నవ్వి, ఎన్ని రోజులని సైగ చేశాడు. కోడలు మంచి చేతి వేళ్లు నాలుగు చూపింది. ఆయన ఒక్కడితోనే జీపు వెనక్కి తిరిగింది. పాకలో బర్రె అరిచింది. చుట్టం గిన్నె తీసుకుని అటు నడిచింది.