పళ్ళ డాక్టరు గారి కొలనూ, గీతలమ్మ పసుపు గీతా

గీతలమ్మకు ఆ పేరు పెట్టింది కన్నవాళ్ళు కాదు, కాంట్రాక్టర్లు. ఊళ్ళో ఎవరు ఎక్కడ గునపం దించాలన్నా ముందు ఆవిడ వెళ్ళాలి. నేల కింద ఏ పైపు ఎటు పోతోందో, ఏ తీగ ఎక్కడ పడుకుందో కనిపెట్టి పైన రంగు గీతలు కొట్టి రావాలి. కరెంటుకు ఎరుపు, మంచినీళ్ళకు నీలం, వాననీటి కాలువకు ఆకుపచ్చ, గ్యాసుకు పసుపు. ఇరవై రెండేళ్ళుగా అదే ఉద్యోగం. ఆవిడ సంతకం పడితే తప్ప పొక్లెయిన్ ఇంజను మొదలెట్టడానికి వీల్లేదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ లెక్కన గీతలమ్మకు ఊరంతా శత్రువులే ఉండాలి, కానీ ఆవిడ గీత ఒక్కటీ తప్పలేదు కాబట్టి జనం నోరు మూసుకుని భరించారు. సంతకం కోసం తొందరపెట్టినవాడితో, “తవ్వండి బాబూ, తవ్వండి. గ్యాసు పైపు తగిలితే నేరుగా పైకే పోతారు, దారి ఖర్చులు కూడా ఉండవు,” అనేది. వాడు కుక్కిన పేనులా పక్కన నిలబడేవాడు.

మొగుడు పొక్లెయిన్ నడుపుతాడు. వాళ్ళ పెళ్ళి కూడా ఒక పగిలిన పైపు పుణ్యమే. కొత్తగా యంత్రం ఎక్కిన రోజుల్లో ఆయన నీలం గీత చూసుకోకుండా తవ్వి మంచినీళ్ళ పైపు పగలగొట్టాడు. ఆ ఫౌంటెను కిందే నిలబెట్టి ఆవిడ అరగంట తిట్టింది. ఆయన తడిసి ముద్దై, ఒక్క మాటా ఎదురు చెప్పకుండా విన్నాడు. నెల తిరక్కుండా వాళ్ళింటికి పెద్దవాళ్ళను పంపాడు. “గీత కనబడని మనిషికి నేనెలా కనబడ్డానో!” అని ఈనాటికీ ఆవిడ వారానికి రెండుసార్లు అంటుంది. ఆయన నవ్వి ఊరుకుంటాడు. ఇంట్లో గెలుపు ఎవరిదో తేలిపోయాక ఆట ఆడటమెందుకని ఆయన ఉద్దేశం.

ఇలా ఉండగా పళ్ళ డాక్టరు గారికి పెరట్లో ఈతకొలను కావాల్సి వచ్చింది. ఎందుకు కావాల్సి వచ్చిందయ్యా అంటే, వాళ్ళ తోడల్లుడు కట్టించాడు కాబట్టి. తోడల్లుడిది ముప్పై అడుగుల కొలను, అందువల్ల ఈయనది ముప్పై రెండు. ఇంట్లో ఎవరికైనా ఈత వచ్చా అని గీతలమ్మ అడిగింది.

“నేర్చుకుంటామమ్మా. ముందు కొలను ఉండాలి కదా,” అన్నాడు డాక్టరు గారు.

“అవునండీ. ముందు గుర్రం కొనుక్కుంటే ఎక్కడం అదే వస్తుంది. సరే, ఏడాదికోసారి కొలను ఖాళీ చేస్తారు కదా, ఆ నీళ్ళెక్కడికి పోతాయి?”

“దానికేముంది, వెనక సందులోకి వదిలేస్తాం.”

“మరి సందు చివర పల్లంలో ఉన్నవాళ్ళకి పడవలు మీరే కొనిస్తారా, వాళ్ళనే కొనుక్కోమంటారా?”

ఆ నీళ్ళు వాననీటి కాలువలోకే పోవాలనీ, కాలువ మూత ఎక్కడుందో తవ్వకం మొదలయ్యే రోజు తను వచ్చి చూపిస్తాననీ చెప్పి ఆవిడ నేల కింది లోహాన్ని పసిగట్టే పరికరం బయటికి తీసింది.

కరెంటు, మంచినీళ్ళు ముందు వీధిలోంచి వస్తాయి. రెండూ లోహమే కాబట్టి పరికరం చక్కగా కూసింది, ఎరుపూ నీలమూ చకచకా పడ్డాయి. పెరటి వైపు నుంచి పోయేది గ్యాసు పైపు. అది ప్లాస్టిక్. ప్లాస్టిక్‌ను పరికరం పట్టదు గనక, పట్టడం కోసమే దాని వెంట ఒక సన్నటి రాగి తీగ పూడుస్తారు. ఆ తీగ ఎక్కడో తెగినట్టుంది, పరికరం కిక్కురుమనలేదు. ఇక మిగిలింది ఆఫీసు డ్రాయింగు. గీతలమ్మ దాన్ని విప్పి చూసి మురిసిపోయింది. పద్దెనిమిదేళ్ళ కిందట ఆ పైపు వేసినప్పుడు కొలతలు తీసి రాసింది సాక్షాత్తూ తనే! “ప్రహరీ నుంచి తొమ్మిది అడుగులు,” అని తన చేతిరాతే, ముత్యాల్లాంటి అక్షరాలు.

కొలత ఎప్పుడూ కదలని వస్తువు నుంచి తియ్యాలని వాళ్ళ ఆఫీసు నియమం. చెట్టును కొట్టేస్తారు, స్తంభాన్ని మారుస్తారు, గోడ మాత్రం ఎక్కడికీ పోదు కాబట్టి గోడ నుంచి కొలవమన్నారు. నియమం రాసినాయనకు పాపం మనుషుల సంగతి తెలియదు.

ఇంకో నియమం కూడా ఉంది. పరికరం పలకనప్పుడు ఒకచోట చేత్తో చిన్న గుంట తవ్వి, పైపును కళ్ళారా చూశాకే సంతకం పెట్టాలి. గీతలమ్మ పలుగు తెమ్మనగానే డాక్టరు గారు పరిగెత్తుకొచ్చాడు.

“అమ్మా, గోడ పక్కన పచ్చిక మొన్ననే వేయించాను. ఒక్క గుంట పడినా అతుకు కనబడిపోతుంది.”

పెరడు సగం తవ్వించబోతున్న మనిషికి జానెడు గడ్డి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. వేరే రోజైతే ఆవిడ ఆయన్ని నమిలి మింగేసేది. కానీ చేతిలో ఉన్నది తన రాత. తన రాత మీద తనకు అనుమానమా? తొమ్మిది అడుగుల దగ్గర పసుపు గీత కొట్టి, “గుంట తవ్వి చూశాను,” అన్న గడిలో కూడా టిక్కు పెట్టి, సంతకం పడేసింది. కొలను కాంట్రాక్టరు బుద్ధిమంతుడు. పసుపు గీతకు నాలుగడుగులు ఎడం వదిలి, గోడకు పదమూడు అడుగుల దగ్గర కొలను అంచు పెట్టుకుంటూ ప్లాను మార్చుకున్నాడు. అందరూ అన్నీ పద్ధతిగా చేశారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మొగుడు అడిగాడు, “డాక్టరు గారి పెరడు గురువారం నేనే తవ్వుతున్నా. పసుపు గీత ఉందటగా. గుంట తవ్వి చూశావా?”

“ఇరవై ఏళ్ళ కాపురం చేశాక ఇప్పుడొచ్చిందా అనుమానం? గీత కనబడక పైపులు పగలగొట్టేవాళ్ళు కూడా నన్ను అడిగేవాళ్ళే!”

“అడిగానంతేలేవే,” అని ఆయన కంచంలోకి తల వంచుకున్నాడు. కూతురు ఇద్దరినీ చూసి, “మీరిద్దరూ ఈ బల్ల మీద కూడా ఒక గీత గీసుకోండి, గొడవ వదులుతుంది,” అంది. ముగ్గురూ నవ్వుకున్నారు.

గురువారం పొద్దున తొమ్మిదింటికి పొక్లెయిన్ పెరట్లోకి దిగింది. గీతలమ్మ ఇనుప కడ్డీ, టేపూ పట్టుకుని కాలువ మూత వెతకడానికి ఇంటి మూల తిరిగి, ఇంటికీ పక్క గోడకూ మధ్యనున్న బాటలోకి వెళ్ళింది. వెనక ప్రహరీ అక్కడి దాకా సాగి ఉంది. మూత ప్రహరీకి నాలుగడుగుల్లో ఉన్నట్టు డ్రాయింగులో ఉంది. నాలుగడుగుల దగ్గర కడ్డీ దించింది. మట్టి. కాస్త ఇటు దించింది. మట్టే. అటు దించింది. ఒక వానపాము బయటికొచ్చి, ఏంటమ్మా నీ గోల అన్నట్టు చూసి లోపలికి పోయింది.

డాక్టరు గారి తల్లి అక్కడే గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని బటానీలు ఒలుస్తోంది. “ఏం వెతుకుతున్నావమ్మా?” అంది.

“వాననీటి కాలువ మూత, పెద్దమ్మగారూ. ఇక్కడే ఎక్కడో ఉండాలి.”

“మూతా? అదిగో, నా పూలకుండీ కింద. కుండీకి కాస్త ఎత్తుగా ఉంటుందని నేనే దాని మీద పెట్టించా.”

గీతలమ్మ కుండీ పక్కకు దొర్లించింది. కింద తుప్పు పట్టిన ఇనుప మూత. టేపు పట్టి గోడ దాకా లాగింది. పది అడుగులు. మళ్ళీ లాగింది. మళ్ళీ పదే.

“ఇదేంటండీ, మూత ఇంత లోపలికి ఎలా వచ్చింది?”

“మూతెందుకు వస్తుందమ్మా, దానికేం కాళ్ళా? గోడే అటు పోయింది. వెనక సందు ఖాళీగా పడుంది, అడిగే నాథుడు లేడని మావాడు ఆరేళ్ళ కిందట గోడ పడగొట్టి వెనక్కి కట్టించాడు. ఆరడుగులు ఉంటుందేమో. వద్దురా అన్నా, విన్నాడు కాదు.”

ఆరు. తొమ్మిదికి ఆరు కలిపితే పదిహేను. కొలను అంచు పదమూడు. అంటే గ్యాసు పైపు పసుపు గీత కింద లేదు, కొలను గుంటలో ఉంది. మూల అవతల ఇంజను శబ్దం బరువెక్కింది. బకెట్ మట్టిలోకి దిగుతోంది. దాన్ని దించుతున్నది తన మొగుడు.

గీతలమ్మ పరిగెత్తింది. నలభై తొమ్మిదేళ్ళ మనిషి, మోకాళ్ళు రెండూ ఆరునెలలుగా ఆవిడ మాట వినడం మానేశాయి, అయినా పరిగెత్తింది. “ఆపండీ!” అని అరిచింది. ఊళ్ళో నలుగురి నోళ్ళు ఒక్కసారి మూయించగల ఆ గొంతు ఇంజను ముందు చీమ గొంతైంది. గుంట అంచుకు చేరి, బకెట్ కిందికి దిగాల్సిన చోట చేతులు చాపి నిలబడిపోయింది. బకెట్ గాల్లో ఊగి ఆగింది. ఇంజను చప్పబడింది.

కాంట్రాక్టరు గుండె పట్టుకుని వచ్చాడు. “ఏంటమ్మా ఇది, చావాలనుందా?”

“నా గీత తప్పు,” అంది గీతలమ్మ.

ఆ ముక్క ఆ నోట వినడం ఎవరికీ అలవాటు లేదు. కాంట్రాక్టరు ఇంకోసారి చెప్పమన్నాడు. ఇంకోసారి చెప్పింది, ఈసారి ఇంకా గట్టిగా. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని రేపు ఊళ్ళో అనుకుంటారని తెలుసు. అనుకోనీ.

గోడ ఆరడుగులు వెనక్కి జరిగిందనీ, పైపు ఈ గుంటలోనే ఉందనీ ఆవిడ చెబుతుండగా డాక్టరు గారు వచ్చాడు. “గోడ జరపడమేంటమ్మా, అది మొదటినుంచీ అక్కడే ఉంది,” అన్నాడు.

“అబద్ధమెందుకురా, నువ్వేగా జరిపించావు!” అంది వెనకే బటానీల గిన్నెతో వచ్చిన తల్లి.

రోజుకు ముప్పైమంది చేత నోరు తెరిపించే ఆ మహానుభావుడు తేలు కుట్టిన దొంగలా తన నోరు మూసుకున్నాడు.

గీతలమ్మ పలుగు తీసుకుని గుంటలోకి దిగింది. మొగుడు యంత్రం దిగి వచ్చి పార పట్టుకున్నాడు. బకెట్ అప్పటికే రెండడుగులు తీసేసింది. ఇంకో జానెడు మట్టి చేత్తో గోకేసరికి పసుపుపచ్చ ప్లాస్టిక్ కనబడింది. జానెడు. అంటే బకెట్‌కు ఇంకొక్క వేటు. ఆ పైపునూ, పైనున్న బకెట్ పళ్ళనూ చూసి కాంట్రాక్టరు వెనక్కి నాలుగడుగులు వేశాడు.

పని ఆగిపోయింది. పైపుకు అవతల నాలుగడుగులు వదిలేసి కొలిస్తే డాక్టరు గారికి ఇరవై ఆరు అడుగుల కొలను మిగిలింది. తోడల్లుడి ముప్పై ముందు దాన్ని తొట్టి అని చెప్పుకోవాలి. పైగా గోడ ఎవరి స్థలంలో ఉందో చూడటానికి మర్నాడు మునిసిపాలిటీ మనుషులొస్తున్నారు.

గీతలమ్మ ఆఫీసుకు ఫోన్ చేసింది. తప్పు గీతకు కారణం రాయాల్సిన కాగితం ఒకటి ఉంది. అధికారి మంచివాడే. “గోడ జరిపింది వాళ్ళు. డ్రాయింగు పాతదైందని రాసెయ్యమ్మా, నీకెందుకు మచ్చ?” అన్నాడు.

“డ్రాయింగు బంగారంలా ఉంది సార్. గోడ వాళ్ళే జరిపారు, నిజమే. గుంట తవ్వి చూడమని నియమం ఉంది కదా. తవ్వకుండానే తవ్వానని టిక్కు పెట్టింది నేను. నా చేతిరాత చూసుకుని పొంగిపోయి పెట్టాను.”

“అలా రాస్తే మూణ్ణెల్లు సంతకం పెట్టనివ్వరు.”

“పెట్టనివ్వకూడదు కూడా,” అని ఫోన్ పెట్టేసి, పొక్లెయిన్ చక్రాల పట్టా మీద కూచుని అలాగే రాసింది. ఈసారి అక్షరాలు వంకరపోయాయి.

మొగుడు వచ్చి పక్కన కూచున్నాడు. ఇరవై ఏళ్ళ బాకీ తీర్చుకోవడానికి ఇంతకు మించిన పూట దొరకదు. నీలం గీతకు పసుపు గీత చెల్లు అనవచ్చు. గుంట తవ్వావా అని నేనడగలేదా అనవచ్చు. అవేవీ కాకుండా ఆయన సీసాలో నీళ్ళు తాగి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడే అడిగింది. “నా కేక వినపడిందా మీకు?”

“ఆ మోతలో ఏం వినపడుతుంది?”

“మరి నేను అంచుకు రాకముందే బకెట్ ఎందుకు ఎత్తారు? చూశాన్లే.”

“నువ్వు పరిగెత్తుకుంటూ వస్తున్నావు. పెళ్ళైనప్పటినుంచీ నువ్వు పరిగెత్తగా చూళ్ళేదు. లోపల ఎవరో పోయారనుకున్నానే.”

గీతలమ్మ సీసా మూత బిగించి పక్కన పెట్టింది.

“పోబోయింది మీరండీ,” అంది. “నేను పెట్టిన సంతకానికి.”

అని, కాంట్రాక్టరు చూస్తున్నా, డాక్టరు గారి తల్లి చూస్తున్నా, మట్టి చేతులతో ఆయన చొక్కా పట్టుకుని ఏడ్చింది.