మైదానానికి కాపలా

భోగాపురం దగ్గర విమానాశ్రయం కడతారన్న మాట మా ఊళ్ళోకి వచ్చిన దగ్గర నుంచి మేము కొత్తవాళ్ళెవరినీ నమ్మేవాళ్ళం కాదు. బూట్లు వేసుకున్న మనిషి ఊళ్ళో అడుగుపెడితే చాలు, ఏ తోట చూడటానికి వచ్చాడోనని ఎవరో ఒకరు వెనకాలే నడిచేవారు. అంతకు ముందు ఏడాది బావుల్లో నీళ్ళు పరీక్ష చేస్తామని ఇద్దరు వచ్చారు. మా అత్త వాళ్ళకి మజ్జిగ ఇచ్చి, మా జీడి తోటంతా తిప్పి చూపించింది. కొన్ని వారాల తరువాత ఆ ఇద్దరే మా గట్టు మీద టేపు పట్టుకుని కనిపించారు. ఆ మజ్జిగ ఇచ్చినందుకు మా అత్త తనని తాను చాలా కాలం తిట్టుకుంది.

అలాంటి రోజుల్లో మా ఊరి హైస్కూలుకి ఆటల టీచరు వచ్చింది. చిన్న వయసు. నౌపడ వైపు మనిషి. మెడలో విజిల్, కాళ్ళకి బూట్లు. ఆరో తరగతి చదివే మా పాప ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి, "ఆదివారం పొద్దున్న నువ్వూ నాన్నా బడెనకాల గ్రౌండుకి రావాలంట. మనందరం కలిసి ఆడాలంట" అంది.

"మేమెందుకే?" అన్నాను.

"అమ్మానాన్నలు కూడా పిల్లల్తో పరిగెడితే మంచిదంట. టీచర్ సెప్పింది."

మా ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. "పొలంలో సేసిన పని సాలదేటి? మనం పరిగెడితే ఆవిడికేటి లాభం?"

లాభం లేకుండా ఎవరూ మా గుమ్మం తొక్కని కాలం అది.

మర్నాడు ఆయన బడి వెనక దారిన వస్తూ టీచరుని చూశాడు. వంగి నేల కొలుస్తోంది. కొలిచిన చోటల్లా కర్ర గూటం దిగేసి, గూటం నుంచి గూటానికి సున్నంతో గీత పోస్తోంది. ఆ ఖాళీ జాగా బడిదో పంచాయతీదో ఊళ్ళో ఎవరికీ సరిగ్గా తెలియదు. దాన్ని ఆనుకునే మా సరుగుడు తోట.

"ఏటమ్మా కొలుస్తన్నారు?" అని అడిగాడట.

"పరుగు పందేనికండి. అందరికీ ఒకే దూరం రావాల కదా."

"మా గట్టు దాకా ఎందుకు?"

"గ్రౌండు అక్కడిదాకా ఉన్నాది కదండి."

ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికొచ్చాడు. "గ్రౌండు అక్కడిదాకా ఉన్నాదని ఆవిడికి ఎవులు సెప్పారు? వచ్చి నెల కానేదు" అని రాత్రి పడుకునేదాకా అదే పాట.

తెల్లారేసరికి గూటాలన్నీ ఎవరో పీకేశారు. ఆ రోజు బట్టలు ఉతుకుతుంటే మా ఆయన లుంగీ అంచుకి సున్నం కనబడింది. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. టీచరు కూడా ఎవరినీ అడగలేదు. కొత్త గూటాలు చెక్కించుకుని మళ్ళీ అక్కడే పాతింది. అది మాకు ఇంకా అనుమానమైంది. మామూలు మనిషికి కోపం రావాలి కదా. రాలేదంటే వెనకాల ఎవరో గట్టివాళ్ళే ఉన్నారని ఊరు తేల్చేసింది.

ఆదివారం అందరం వెళ్ళాం. ఆడటానికి కాదు, చూడటానికి. మగవాళ్ళు నోట్లో వేపపుల్లలతో గట్టు మీద వరసగా నిలబడ్డారు. ఆడవాళ్ళం చింత చెట్టు నీడన గుంపుగా కూర్చున్నాం. టీచరు మమ్మల్ని చూసి, "ఇంతమంది వస్తారనుకోనేదు" అని నవ్వింది. ఆ నవ్వు నిజంగా సంతోషంతోనా, మేమెందుకు వచ్చామో తెలిసేనా అని నేను ఆమె ముఖం వంక చూస్తూ ఉండిపోయాను.

పిల్లలు పరిగెత్తుతుంటే ఆమె ఫోను తీసి ఫొటోలు పట్టడం మొదలుపెట్టింది. పిల్లలకి తీసింది. తరువాత ఫోను మా వైపు తిప్పింది. గట్టు మీద మగవాళ్ళు ఒక్కసారిగా వెనక్కి తిరిగిపోయారు. మా ఆయన నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "మనం నవ్వతా కనబడితే సాలు, ఊరంతా బూములివ్వడానికి ఒప్పుకున్నాదని ఎక్కడో సూపించేస్తారు. నువ్వెల్లి అడుగు. ఆడదానివి, నీతో సెప్తాది" అన్నాడు.

వెళ్ళి అడిగాను. "ఫొటోలు ఎందుకమ్మా?"

ఆమె ఫోను నా చేతిలో పెట్టింది. "మీకు వద్దనుకున్నవి మీరే తీసెయ్యండి" అంది. పెద్దవాళ్ళున్న ఫొటోలన్నీ తీసేశాను. ఎలా తీసెయ్యాలో ఆమే పక్కన నిలబడి చూపించింది. ఫోను తిరిగి ఇస్తూ, "అసలు మేమెందుకు పరిగెత్తాల? నిజం సెప్పు" అన్నాను.

"మాది ఉప్పు మడుల్లో కూలి సేసుకునే ఇల్లమ్మా. ఒకపాలి సడన్‌గా వాన పట్టేసింది. ఉప్పు కుప్పల మీద తాటాకులు కప్పడానికి మా నాన్నా నేనూ గట్ల మీద పరిగెత్తాం. జారి పడతన్నాం, లేస్తన్నాం. నాన్న నాతో నవ్వింది నాకు గుర్తున్నమట్టుకు ఆ ఒక్కసారే."

మాట బాగుంది. అయినా నేను కరిగిపోలేదు. నీళ్ళ పరీక్షకి వచ్చినవాళ్ళు కూడా మా అత్తతో వాళ్ళ అమ్మల గురించి చాలా బాగా మాట్లాడారు. "అలాగా" అని వచ్చేశాను.

రెండు మూడు ఆదివారాలు అలాగే గడిచాయి. వాళ్ళు ఆడారు, మేము కాపలా కాశాం. ఒక ఆదివారం టీచరు మూడు కాళ్ళ పరుగు పెట్టింది. పిల్ల కాలూ పెద్దవాళ్ళ కాలూ కలిపి తువ్వాలుతో కట్టుకుని పరిగెత్తాలి. పెద్దవాళ్ళెవరూ కదల్లేదు. పిల్లలు తువ్వాళ్ళు పట్టుకుని మా వైపు చూస్తున్నారు. మా పాప తువ్వాలు ఒక కొస తన కాలికి కట్టేసుకుని, రెండో కొస చేత్తో పట్టుకుని గీత దగ్గర నిలబడింది.

మా ఆయన గట్టు దిగాడు. "ఆ సివర గూటం ఎక్కడ పాతిందో దగ్గరగా సూసొస్తాను" అని నాతో అన్నాడు.

కాలు కట్టించుకున్నాడు. టీచరు విజిల్ ఊదింది. ఆయన కళ్ళు చివరి గూటం మీదే ఉన్నాయి, కాళ్ళ మీద లేవు. నాలుగడుగులు వేశారో లేదో తండ్రీ కూతురూ కలిసి బోర్లా పడ్డారు.

"గూటం సూడకు నాన్నా. ముందర కట్టిన కాలు, తర్వాత ఇడికాలు. నేను సెప్తాను, నువ్వు ఎయ్యి" అంది పాప, మోకాలు దులుపుకుంటూ.

అది చెప్పింది, ఆయన వేశాడు. అందరికంటే ఆఖరున చేరారు. నిజానికి అప్పటికి పోటీలో ఉన్న పెద్దవాడు ఆయన ఒక్కడే. మిగతావాళ్ళు పిల్లలూ పిల్లలే జతకట్టుకున్నారు. పంచె ఎగ్గట్టుకుని, ఒళ్ళంతా సున్నంతో, ఆయన రొప్పుతూ నవ్వుతున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన పరిగెత్తడం నేను ఆవుని తోలడానికి తప్ప చూడలేదు. వెనక్కి వచ్చాక నేను అడిగాను. "గూటం ఎక్కడుంది?"

"మన గట్టుకి ఇవతలే ఉన్నాది," అన్నాడు. గట్టు వైపు ఇంకోసారి చూసి, "ఇప్పటికి" అని కలిపాడు.

పై వారం ఇంకో నలుగురు మగవాళ్ళు గూటం చూడటానికి గట్టు దిగారు. ఆ తరువాత మేము తాడాటకి దిగాం. తల్లులు ఒకవైపు, కూతుళ్ళు ఒకవైపు తాడు లాగాం. ఆ మధ్యాహ్నం వంటింట్లో నడుం పట్టేసి నేను నిలబడలేకపోతే పాప కూర తరిగిపెట్టింది.

మరుసటి ఏడు అసలు కొలతలవాళ్ళు వచ్చారు. మూడు కాళ్ళ యంత్రం పెట్టుకుని ఊరికి అవతలి వైపు కొలిచారు. మా సరుగుడు తోటా గ్రౌండూ మిగిలాయి. అదే వేసవిలో టీచరుకి బదిలీ అయింది. ఆమె వచ్చింది పిల్లల కోసమేనా, ఎవరైనా పంపారా అని మా ఆయన్ని అడిగితే, "ఏమో, అంత ఓపిక ఊరికే ఎవులికి ఉంటాది?" అంటాడు. ఆమె బస్సెక్కిన రోజు మాత్రం సంచీడు జీడిపప్పు తీసుకెళ్ళి ఇచ్చొచ్చాడు.

ఆమె వెళ్ళాక గ్రౌండు ఖాళీగా ఉండకూడదని ఊళ్ళో ఒక మాట అనుకున్నారు. ఖాళీగా వదిలేస్తే ఎవరో ఒకరి కన్ను పడుతుంది. అందుకని ఆదివారం పొద్దున్నే పిల్లల్ని తీసుకుని అందరం వెళ్ళేవాళ్ళం. కబడ్డీ ఆడేవాళ్ళం, తాడు లాగేవాళ్ళం.

ఒక వారం బడికి కొత్తగా వచ్చిన మాస్టారొకాయన ప్యాంటు మడుచుకుని వచ్చి, "ఇంతమంది పెద్దవాళ్ళు ఆడుతున్నారు, ఎవరు చెప్పారండీ మీకు?" అని అడిగాడు.

"ఎవులూ సెప్పనేదు," అన్నాడు మా ఆయన. "మీరెవులు? ఎందుకొచ్చారు?"

మాస్టారు చెప్పింది మా ఆయన సగమే నమ్మినట్టున్నాడు. తాడుకి ఒక పక్క మనిషి తక్కువయ్యాడు. మా ఆయన మాస్టార్ని అందరికంటే ముందర, తనకి కనబడే చోట నిలబెట్టి, తాడు చేతికిచ్చాడు.